ఆబీని రెండోసారి చంపకమ్మా

అమ్మా,

లిజీ బోర్డెన్ కేసు మీద నువ్వు రాసిన నవల ఆసాంతం చదివాను. కోపం తగ్గాక రాద్దాంలే అనుకున్నా గానీ అది తగ్గేలా కనపడలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. పనమ్మాయి బ్రిడ్జెట్ కిటికీలు కడిగే చాప్టర్ చాలా బాగుంది, ఆ ఎండా, ఆ బకెట్టూ, మధ్యలో కంచె దగ్గర ఆగి పక్కింటి పనమ్మాయితో కబుర్లూ, దాన్ని ఒక్క అక్షరం కూడా ముట్టుకోకు.

నాకు ఒళ్ళు మండింది రెండో చాప్టర్ దగ్గర. ఆబీ బోర్డెన్‌ని పరిచయం చేస్తూ ఏం రాశావో నీకు గుర్తుందా? "మెట్లెక్కుతుంటే ఇల్లంతా ఊగిపోయే భారీ శరీరం, పిల్లల నోటి దగ్గర కూడు లాక్కునే మారుతల్లి." అక్కణ్ణుంచి ఆవిడ కనపడ్డ ప్రతిసారీ తింటూనో, తలుపు చాటున వింటూనో, మొగుడికి చాడీలు చెబుతూనో ఉంటుంది. ఎక్కడిదమ్మా ఇదంతా? నువ్వు రాస్తున్నది మసాచుసెట్స్‌లో ఫాల్ రివర్ అనే మిల్లుల ఊళ్ళో 1892 ఆగస్టు 4న జరిగిన హత్యల గురించి. ఆబీనీ ఆవిడ మొగుడు ఆండ్రూనీ సొంతింట్లోనే గొడ్డలితో చంపారు, ముద్దాయిగా నిలబడింది సవతి కూతురు లిజీ. ఆబీ అక్కడ బతికి చచ్చిపోయిన నిజం మనిషి. మన కథల్లో సవతి తల్లి అనగానే చేతికి రెడీగా దొరికే గయ్యాళి బొమ్మ ఒకటుంటుంది, దాన్ని తీసుకెళ్ళి ఆవిడ మొహానికి తగిలించేశావు.

ఒకసారి ఆలోచించు, ఆబీ చెడ్డదని మనకి చెప్పిందెవరు? జవాన్లతో వచ్చిన ఫ్లీట్ అనే పోలీసు అధికారి మాట్లాడుతూ "మీ అమ్మ" అన్నాడు, లిజీ వెంటనే ఆవిడ మా అమ్మ కాదు, సవతి తల్లి, మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది అంది. ఆ మాట అన్నప్పుడు ఆబీ శవం పై అంతస్తులోనే ఉంది. బట్టలు కుట్టే గిఫర్డ్ అనే ఆవిడ దగ్గర ఆ మార్చిలోనే లిజీ సవతి తల్లిని నీచంగా తిట్టిపోసింది. అంటే మనకి మిగిలిన ఆబీ చాలావరకు లిజీ నోట్లోంచి వచ్చిన ఆబీ. ఆవిడ వైపు నుంచి చెప్పుకోడానికి ఒక ఉత్తరం లేదు, డైరీ లేదు. నోరు లేని వాళ్ళ గురించి రాసేటప్పుడు నోరున్న వాళ్ళ మాట ఎత్తి రాసేస్తే ఇక నవల ఎందుకు, ముద్దాయి తరఫు వకాల్తా అవుతుంది గానీ.

తెలిసిన నాలుగు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడు. 1865లో పెళ్ళయ్యేటప్పటికి ఆబీకి 37 ఏళ్ళు, ఇంట్లో అప్పటికే మొదటి భార్య పిల్లలు, పద్నాలుగేళ్ళ ఎమ్మా, ఐదు కూడా నిండని లిజీ. తనకి పిల్లలు పుట్టలేదు. మొగుడు ఊళ్ళో పెద్ద డబ్బున్నవాడు, ఇంట్లో మాత్రం గ్యాస్ దీపం కూడా పెట్టించలేదు. 1887లో ఆబీ సవతి చెల్లెలు సేరా ఉంటున్న ఇంట్లో సగం వాటా ఆండ్రూ కొని ఆబీ పేరున రాశాడు, ఆ చెల్లెలికి నిలవ నీడ పోకుండా. అదీ ఇరవై ఏళ్ళకి పైగా కాపురం చేసిన భార్యకి ఆయన చేసిన పెద్ద ఉపకారం. దానికే ఇద్దరు కూతుళ్ళూ భగ్గుమన్నారు, ఆయన సర్దిచెప్పడానికి తాతగారి ఇల్లు వాళ్ళిద్దరికీ రాసిచ్చినా కూడా. అప్పటిదాకా అమ్మా అని పిలిచిన లిజీ మిసెస్ బోర్డెన్ అనడం మొదలుపెట్టింది. చెల్లెలు రోడ్డున పడకూడదని చూసుకున్న మనిషి ఈవిడ. ఈ సంగతి నీ నవల్లో ఒక్క వాక్యం, అదీ "ఆస్తి కాజేయడానికి పన్నిన ఎత్తు" అని!

చంపబడటానికి ముందు రోజు, బుధవారం, ఆవిడ రోడ్డు దాటి ఎదురింటి డాక్టర్ బోవెన్ దగ్గరికెళ్ళింది. రాత్రంతా వాంతులయ్యాయి, ఎవరో విషం పెట్టారేమోనని భయంగా ఉంది అని చెప్పింది. తర్వాత పొట్టలు పరీక్షిస్తే విషమేమీ దొరకలేదు, అది వేరే సంగతి. 64 ఏళ్ళ మనిషి, తను వండించి తినే ఇంట్లో తనకెవరో విషం పెట్టారేమోనని భయపడి, చీర సర్దుకున్నట్టు గౌను సర్దుకుని వీధి దాటి వెళ్ళి చెప్పుకుని, మళ్ళీ అదే ఇంటికి తిరిగొచ్చి అదే బల్ల దగ్గర కూర్చుంది. దీనికంటే భయంకరమైన సీను నీ గొడ్డలి చాప్టర్ మొత్తంలో ఉందా? ఇది నువ్వు రాయనే లేదు.

ఇంకోటి, ఇదే నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. ఆబీ ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో పోయింది. ఆండ్రూ ఊళ్ళోకెళ్ళి పదిన్నర దాటాక ఇంటికొచ్చి, సోఫాలో పడుకుని, పదకొండు ప్రాంతంలో పోయాడు. మధ్యలో దగ్గర దగ్గర గంటన్నర. ఈ కేసు మొత్తం ఆ గంటన్నరలో ఉంది. నువ్వేం చేశావు? ఒక చావుకీ ఇంకో చావుకీ మధ్యన మూడు చుక్కలు పెట్టి దాటేశావు!

ఆ గంటన్నరలో ఏం జరిగిందో బ్రిడ్జెట్ సలివన్ సాక్ష్యంలో ఉంది కదా. పైన గెస్ట్ రూమ్‌లో, మంచానికీ అద్దం బల్లకీ మధ్య ఆబీ బోర్లా పడి ఉంది. కాసేపటి క్రితమే దిండ్లకి గలీబులు తొడగాలని పైకెళ్ళిన మనిషి. కింద బ్రిడ్జెట్ కిటికీలు కడుగుతోంది. ఆండ్రూ వచ్చి ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు, తాళంచెవి పెట్టినా రావట్లేదు, లోపల గడియ వేసుంది, బ్రిడ్జెట్ వచ్చి తాళాలతో కుస్తీ పట్టి విసుక్కుంది, అప్పుడు పైనుంచి లిజీ నవ్వు వినపడిందని ఆ అమ్మాయి కోర్టులో చెప్పింది. ఆ నవ్వు వినపడ్డ చోటికి గెస్ట్ రూమ్ తలుపు ఎంత దూరమో ఇంటి ప్లాన్ గీసుకుని చూడు. నడవా లేని ఇల్లది, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలి, లిజీ గదికీ పెద్దవాళ్ళ గదికీ మధ్య తలుపుకి రెండు వైపులా మూతే, అందుకే పెద్దవాళ్ళు వెనక మెట్లు, కూతుళ్ళు ముందు మెట్లు. ఒకే కప్పు కింద రెండిళ్ళు. ముందు మెట్లెక్కేటప్పుడు తల పై అంతస్తు నేల మట్టానికి వచ్చేసరికి మంచం కింద నుంచి అవతల పడి ఉన్న శరీరం కనపడుతుంది, పక్కింటి మిసెస్ చర్చిల్ అలాగే చూసింది, మెట్లు పూర్తిగా ఎక్కకుండానే. ఆ మెట్టు మీద నిలబడి రాయాలి నువ్వు.

ఎవరు ముందు పోయారన్నది ఎందుకంత ముఖ్యమో కూడా నీ నవల్లో లేదు. ఆండ్రూ వీలునామా రాయలేదు, ఆస్తి 3 లక్షల డాలర్ల దాకా ఉంటుందన్నారు. ఆయన ముందు పోయుంటే భార్యకి వాటా వచ్చేది, తర్వాత అది ఆవిడ తరఫు వాళ్ళకి, అంటే ఆ చెల్లెలికి వెళ్ళేది. ఆవిడే ముందు పోయింది కాబట్టి అంతా కూతుళ్ళకే. కాలవ్యవధి చిన్న విషయం కాదు. చంపిందెవరన్నది పక్కన పెట్టు, ఆ వరస మాత్రం నీ పాఠకుడికి తెలియాలి.

నాకింత పట్టుదల ఎందుకో చెప్తాను. వయసులో ఉండగా నేనూ ఒక హత్య మీద నవల రాశాను. మొగుడు పెళ్ళాన్ని చంపిన కేసు, వాయిదా వాయిదాకీ వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. పంచనామాలో ఒక లైన్ ఉంది, శవం పక్కన పళ్ళెంలో సగం ఒలిచిన చిక్కుడుకాయలు అని. ఆ పళ్ళెం దగ్గర నవల మొదలుపెట్టాను. ఒక వారపత్రిక సీరియల్‌గా తీసుకుంది, నాలుగు వారాలు కాకముందే ఎడిటర్ పిలిచి, చచ్చిపోయిన మనిషి మీద జాలి పుడితే వచ్చే వారం ఎవడు కొంటాడయ్యా, ఆవిడకో అఫైర్ పెట్టు, మొగుడి కోపానికి అర్థం ఉంటుంది అన్నాడు. నేను పెట్టనన్నాను. తర్వాతి వారం "రచయిత అనారోగ్యం వల్ల" అని వేసి ఆపేశారు, నేను గుండ్రాయిలా ఉండగా! ఆ తర్వాత చాలాకాలం మిగతా పత్రికల వాళ్ళు కూడా నా కవర్లు విప్పకుండా తిప్పి పంపారు. అప్పుచేసి నేనే అచ్చేసుకున్నాను. ఒకరోజు ఆ అమ్మాయి అన్నయ్య ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అరుగు మీద కూర్చుని మొదటి పేజీ చదివి, మా చెల్లి చిక్కుళ్ళు ఒలుస్తోందని మీకెలా తెలుసండీ అని అడిగాడు. పోలీసుల కాగితంలో ఉందని చెప్పాను. పుస్తకం డబ్బులిచ్చి తీసుకెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాకు ఈ విషయంలో ఇంకో అభిప్రాయం లేదు.

ఇప్పుడా ఎడిటర్లు పోయారు గానీ ఆ మాట పోలేదు, కొత్త బట్టలేసుకుని వచ్చింది. "మరుగునపడ్డ స్త్రీ గొంతు", "ధిక్కారం" అంటూ ముద్దాయిని తిరుగుబాటుదారుగా నిలబెట్టడం ఇప్పటి ఫ్యాషన్. నీ ముందుమాటలోనూ ఆ రెండు మాటలూ ఉన్నాయి. లిజీ గొంతు ఎక్కడ మరుగున పడింది? మాజీ గవర్నర్ రాబిన్సన్ ఆమె తరఫున వాదించాడు, పన్నెండు మంది మగాళ్ళ జ్యూరీ 1893 జూన్ 20న గంటన్నర లోపే నిర్దోషి అని తేల్చింది, తర్వాత పెద్ద ఇల్లు కొనుక్కుని 1927 దాకా అదే ఊళ్ళో బతికింది. మరుగున పడ్డ ఆడదాని గొంతు కావాలంటే ఆ ఇంట్లో ఇద్దరున్నారు. ఒకరు ఆబీ. ఇంకొకరు ఐర్లండ్ నుంచి పొట్టకూటికి వచ్చిన బ్రిడ్జెట్, ఆమెని అక్కచెల్లెళ్ళు సొంత పేరుతో కూడా పిలవలేదు, మ్యాగీ అనేవాళ్ళు. ఆ ఉదయం పెరట్లో వాంతి చేసుకుని వచ్చి కూడా అంత ఎండలో ఇంటి కిటికీలన్నీ కడిగింది, కడగమని చెప్పింది ఆబీయే, అది కూడా రాయి. ఆబీని దేవతని చేయమనట్లేదు నేను.

తండ్రి కూతుర్ని పాడుచేశాడని చివర్లో పెట్టావు చూడు, అది తీసెయ్. విచారణ కాగితాల్లో దానికి ఆధారం లేదు. గొడ్డలి దెబ్బలకి ఒక న్యాయం చూపించాలని తొందరపడి, చచ్చిపోయిన ఇంకో మనిషి నెత్తిన వేశావు. లిజీ మీద నీకు జాలి ఉంటే ఉండనీ, అది నీ హక్కు, కానీ దానికి ఖర్చు వాళ్ళిద్దరి చేత పెట్టించకు.

టైటిల్ గురించీ, పబ్లిషర్ల గురించీ, పేర్లు తెలుగులో ఎలా రాయాలో ఆ సంగతీ అడిగావు, అవన్నీ ఇప్పుడు కాదు. చిన్నవి కొన్ని మాత్రం సరిచేసుకో. నలభై దెబ్బలన్నది ఈ కేసు మీద పిల్లలు పాడుకునే పాటలో మాట, ఆబీకి తగిలినవి 18 లేదా 19, ఆండ్రూకి 10 లేదా 11. విచారణ జరిగింది న్యూ బెడ్‌ఫర్డ్‌లో, ఫాల్ రివర్‌లో కాదు. ఎమ్మా ఆ రోజు ఫెయిర్‌హేవెన్‌లో ఉంది, నువ్వు మేడ మీద నిద్రపుచ్చావు. లిజీ తన గౌను పొయ్యిలో కాల్చింది ఆదివారం, హత్యలైన మర్నాడు కాదు, అది చూసింది స్నేహితురాలు ఆలిస్ రసెల్.

ముందు రెండో చాప్టర్ పక్కన పడేసి, బుధవారం నాడు ఆబీ వీధి దాటి డాక్టర్ ఇంటికెళ్ళే చాప్టర్ కొత్తగా రాయి. మొత్తం నవల మళ్ళీ పంపకు, అదొక్కటే పంపు. వెనక పేజీలో మార్జిన్ ఎక్కువ వదులు, నాకు రాయడానికి చోటు కావాలి.

ఉంటాను,
మీ మాస్టారు