గుణుపూర్ దగ్గర ఎన్‌జీవోలో పనిచేస్తూ పంచాయతీల మీద దూరవిద్య కోర్సు చేయడం ఉపయోగమేనా?

ఉపయోగమే. ఉద్యోగం మానకుండా చేయండి, వీలైతే మీరు పనిచేసే పంచాయతీనే ప్రాజెక్టుగా పెట్టుకుని చేయండి.

మీరు అడిగినవి మూడు విషయాలు. శ్రీకాకుళంలో తెలుగు మీడియంలో డిగ్రీ చేసి, ఇప్పుడు ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్ బ్లాకులో ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా ఉన్న మీకు ఏ కోర్సు సరిపోతుంది, ఇంగ్లీషుతో ఇబ్బంది అవుతుందా, చదివింది ఊళ్ళో పనికొస్తుందా అని. నేను పర్లాకిమిడిలో ఉంటాను. గజపతి, రాయగడ జిల్లాల పల్లెల్లో మహిళా సంఘాలతో, వార్డు మెంబర్లతో నా పని. ఆ పని చేస్తూనే ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) గ్రామీణాభివృద్ధి పీజీ డిప్లొమా పూర్తి చేశాను. మూడో ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే చెప్పాల్సింది ఎక్కువ దాని గురించే ఉంది.

సరిహద్దులో ఉన్న తెలుగువాళ్ళకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పంచాయతీల గురించి తెలుగులో దొరికే పుస్తకాలు, యూట్యూబ్ పాఠాలు, పోటీ పరీక్షల మెటీరియల్ దాదాపు అన్నీ ఆంధ్రప్రదేశ్ 1994 చట్టం, తెలంగాణ 2018 చట్టం చుట్టూనే తిరుగుతాయి. మనం బతుకుతున్నది 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం కింద. బ్లాకు స్థాయికి 1959 నాటి పంచాయతీ సమితి చట్టం, జిల్లా పరిషత్‌కు 1991 చట్టం ఉన్నాయి. ఇక దూరవిద్య పుస్తకాలేమో దేశమంతటికీ కలిపి రాసినవి. అందులో పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, అది 1993 ఏప్రిల్ 24న అమల్లోకి రావడం, పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాలు బాగా చెబుతారు. కానీ ఆ 29 అంశాల్లో దేన్ని ఎంతవరకు పంచాయతీకి అప్పగించాలో తేల్చేది రాష్ట్ర చట్టం. కాబట్టి కోర్సు పుస్తకం పక్కన ఒడిశా చట్టం పెట్టుకుని చదవకపోతే, పరీక్ష పాసవుతారు కానీ మీ ఊరి సర్పంచ్ అడిగే ప్రశ్నకు జవాబు చెప్పలేరు.

తేడాలు చిన్నవేమీ కావు. మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళితే అక్కడి సర్పంచ్ మండల పరిషత్ సమావేశానికి ఓటు లేని శాశ్వత ఆహ్వానితుడు. ఇవతల మన సర్పంచ్ పంచాయతీ సమితిలో సభ్యుడు. అంటే బ్లాకు డబ్బు ఏ ఊరికి పోవాలన్న చర్చలో ఆయనకు నేరుగా చోటుంది. సమితిలో గట్టిగా మాట్లాడే సర్పంచ్ ఉన్న పంచాయతీకి, ఊరుకునే సర్పంచ్ ఉన్న పంచాయతీకి పనుల్లో తేడా నేను కళ్ళారా చూశాను. ఆంధ్రలోని బంధువుల మాట విని సర్పంచ్‌కు అక్కడ ఏమీ ఉండదనుకునేవాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు.

అన్నిటికంటే ముఖ్యమైనది పల్లి సభ. తెలుగు పుస్తకాల్లో దాని పేరు కూడా కనిపించదు. పంచాయతీ మొత్తానికి జరిగే గ్రామ సభ వేరు, పంచాయతీలోని ఒక్కో ఊరికి జరిగే పల్లి సభ వేరు. ఏటా ఫిబ్రవరిలో అది కూర్చోవాలి, వచ్చే ఏడాదికి ఊరికి కావలసిన పనులను పంచాయతీకి సిఫారసు చేయాలి. కొండమీద ఉన్న ఒక సవర ఊరు పంచాయతీ కేంద్రానికి దూరంగా ఉంటుంది. గ్రామ సభకు అక్కడి ఆడవాళ్ళు దిగి రాలేరు. పల్లి సభ మాత్రం వాళ్ళ ఊళ్ళోనే జరుగుతుంది. మీలాంటి ఫీల్డ్ కోఆర్డినేటర్ చేయగలిగిన అతి విలువైన పని, ఆ సభ నిజంగా జరిగేలా, అనుకున్నది రిజిస్టరులోకి ఎక్కేలా చూడటం. సభ జరగకుండానే ఇంటింటికీ రిజిస్టరు తిప్పి సంతకాలు తీసుకోవడం ఎక్కడైనా కనిపిస్తే, దాన్ని మామూలే కదా అని వదిలేయకండి.

పల్లి సభ ఎంత దూరం పోగలదో తెలియాలంటే మీ జిల్లానే చూడండి. నియమగిరిలో బాక్సైట్ తవ్వకం మీద సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెబుతూ, ఆ కొండ మీద డోంగ్రియా కంధు గిరిజనుల హక్కుల సంగతి వాళ్ళ గ్రామ సభలే తేల్చాలంది. అందుకోసం జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్ళలో పల్లి సభలు జరిగాయి. ఏడు రాయగడ జిల్లావి, ఐదు కలహండివి. జిల్లా జడ్జి స్థాయి అధికారులు పరిశీలకులుగా కూర్చున్నారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. ఈ ఉదంతాన్ని గువాహటిలోనో జైపూర్‌లోనో కూర్చుని చదివే విద్యార్థికి అది పరీక్షలో రాయాల్సిన ఒక కేస్ స్టడీ. బిస్సంకటక్, మునిగుడ సంతల్లో ఆ మనుషులను చూసిన మీకు అది వేరుగా అర్థమవుతుంది.

దీనికి కలిసే ఇంకో విషయం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. రాయగడ జిల్లా మొత్తం అందులో ఉంది కాబట్టి గుణుపూర్‌లో 1996 నాటి పెసా చట్టం (పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం) వర్తిస్తుంది. గజపతి జిల్లా కాశీనగర్ వైపు వస్తే వర్తించదు. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులే షెడ్యూల్డ్ ప్రాంతం. (గజపతిలో కూడా రాయగడ పేరుతో ఒక బ్లాకు ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని మీ జిల్లాతో కలిపేస్తుంటారు.) పెసా ఉన్నచోట సర్పంచ్ పదవులన్నీ ఎస్టీలకే. మన తెలుగు వ్యాపార కుటుంబాల్లో కొందరు ఇది అన్యాయమని నా దగ్గరే అన్నారు. నేను వాళ్ళకు చెప్పేది, ఈ భూముల చరిత్ర, షావుకార్ల అప్పుల చరిత్ర తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరని. ఎందుకు అలా పెట్టారో ఓపికగా వివరించే జ్ఞానం నాకు కోర్సు పుస్తకాల్లోనే దొరికింది. దానికి నేను ఎప్పుడూ కృతజ్ఞురాలిని.

డబ్బు సంగతి కూడా అంతే. ఒక పెద్దావిడ, వార్డు మెంబరు, నన్ను నిలదీశారు: “డబ్బు మాదే అంటారు, మా వాగు మీద కల్వర్టు కట్టండంటే కాదంటారు. ఇదేటి తల్లీ?” పదిహేనో ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతానికి ముందే పేరు రాసి ఉండేది. సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు. మిగిలిన 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవడానికి ఉండేది, అందులోనూ జీతాలకు వాడకూడదు. ఇది కాగితం మీద గీసి చూపించాక ఆవిడ అడిగిన రెండో ప్రశ్న నాకింకా ఇష్టం: “అయితే ఆ నలభైలో మా వాటా ఎవరు తిన్నారు?” ఆ రోజు పంచాయతీల ప్రణాళికలు పెట్టే ఈగ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటు తెరిచి ఆ పంచాయతీ ప్రణాళికలో ఏ పనులు ఎక్కాయో ఫోన్‌లోనే చూపించాను. ఎవరూ తినలేదు. వాళ్ళ వాగు సంగతి అసలు ప్రణాళికలోకే రాలేదు. తర్వాతి పల్లి సభలో వాళ్ళే పట్టుబట్టి ఎక్కించుకున్నారు. ఇలా ఒక మనిషికి తన హక్కు దారి కనిపిస్తే చాలు, కోర్సు ఫీజు తిరిగొచ్చినట్టే అనిపిస్తుంది నాకు.

కొఠియా గురించి ఒక్క మాట, మీరెలాగూ పొట్టంగి వైపు వెళ్తుంటారు కాబట్టి. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని ఆ ఊళ్ళను రెండు రాష్ట్రాలూ తమవంటాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కారమంటూ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఒకే ఊరికి రెండు పంచాయతీ వ్యవస్థలు. అక్కడ పనిచేయాలంటే రెండు చట్టాలూ చదివినవాళ్ళే కావాలి, అలాంటివాళ్ళు దాదాపు మన సరిహద్దు తెలుగువాళ్ళలోనే దొరుకుతారు.

ఇక ఏ కోర్సు అంటే, నేను చేసిన ఇగ్నో పీజీ డిప్లొమాకు ఏ డిగ్రీ అయినా చాలు. కనీసం ఒక ఏడాది, గరిష్ఠంగా మూడేళ్ళ గడువు ఉంటుంది. కోరాపుట్‌లో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇందులో పంచాయతీరాజ్ ఒక భాగం మాత్రమే, మిగతాది పేదరికం, ప్రణాళిక, పథకాలు. పూర్తిగా పంచాయతీల మీదే కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ వైపు చూడండి. పంచాయతీరాజ్ పాలన మీద డిప్లొమా, గిరిజనాభివృద్ధి నిర్వహణ మీద పీజీ డిప్లొమా దూరవిద్యలో నడిపిన సంస్థ అది. చేరే ముందు ఆ ఏడాది ప్రకటన చూసుకోండి. మీరు గిరిజన గ్రామాల్లోనే ఉండదలచుకుంటే నా ఓటు ఆ గిరిజనాభివృద్ధి కోర్సుకే. ఇప్పుడే ఫీజు కట్టలేకపోతే ఇగ్నో పుస్తకాలు దాని ఆన్‌లైన్ గ్రంథాలయం ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా ఉన్నాయి. ముందు అవి చదవండి.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకండి. ఇగ్నోలో ఇంగ్లీషు లేదా హిందీలో రాయాలి, నిజమే. కానీ అక్కడ అడిగేది భాషా పాండిత్యం కాదు. అసైన్‌మెంట్లకు 30 శాతం మార్కులున్నాయి, వాటిని ఇంట్లో కూర్చుని నిదానంగా, చిన్న చిన్న వాక్యాల్లో రాయవచ్చు. నేను ప్రతి పాఠాన్నీ ముందు తెలుగులో నా మాటల్లో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులో పెట్టేదాన్ని. అర్థమైన విషయాన్ని రాయడానికి వంద ఇంగ్లీషు మాటలు సరిపోయాయి. మీరు నిజంగా భయపడాల్సిందేమైనా ఉంటే అది ఒడియా చదవడం రాకపోవడమే. పల్లి సభ రిజిస్టరు, బ్లాకు నుంచి వచ్చే ఉత్తర్వు ఎక్కువగా ఒడియాలోనే మీ చేతికొస్తాయి. మాట్లాడటం ఎలాగూ వచ్చి ఉంటుంది. లిపి నేర్చుకోవడానికి కొద్ది వారాలు కేటాయించండి, తెలుగు వచ్చినవాళ్ళకు అది కష్టమేమీ కాదు.

ఇగ్నోలో ప్రవేశాలు జనవరిలో, జూలైలో ఉంటాయి. మీరు జూలైలో చేరండి. ఊడుపుల రోజుల్లో ఊళ్ళో సమావేశాలు తక్కువ, అప్పుడు మొదటి పాఠాలు చదువుకోవచ్చు. పంచాయతీల వచ్చే ఏడాది ప్రణాళికలు తయారుచేయించే ప్రజా ప్రణాళిక ప్రచారం సాధారణంగా అక్టోబర్ 2న మొదలవుతుంది, ఆపాటికి ప్రణాళిక పాఠం పూర్తయి ఉండాలి. ప్రాజెక్టు ప్రతిపాదన రాసి ముందుగా ఆమోదం తెప్పించుకుంటే, ఫిబ్రవరి పల్లి సభ మీ కళ్ళముందే జరుగుతుంది, దాన్నే మీ ప్రాజెక్టులో రాసుకోవచ్చు. పరీక్షలు జూన్‌లో. ఈలోగా మీ పంచాయతీ కార్యాలయానికి వెళ్ళి పీఈవోను (పంచాయతీ కార్యనిర్వహణాధికారిని) అడిగి గత రెండేళ్ళ ప్రణాళిక కాపీలు తెచ్చుకోండి. ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అది ఎలా రాయాలో ఇక్కడే అడగండి, నేను రాసి చూపిస్తాను.