ఒక ఫైర్‌వాల్‌కు రెండు నెట్ లైన్లు: మా ఆఫీసులో జరిగింది

మీది పాతికమంది ఆఫీసు, రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ లైన్లు, ఒక ఫైర్‌వాల్ (ఆఫీసు నెట్‌కూ బయటి నెట్‌కూ మధ్య కాపలా ఉండే బాక్సు). రెండూ కలిపితే స్పీడ్ రెట్టింపవుతుందా, ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకుంటుందా అనే కదండీ మీ ప్రశ్న.

మొదటిదానికి జవాబు చిన్నదే. ఒక్కరు ఒక్క పెద్ద ఫైల్ దించుకుంటుంటే రెట్టింపు కాదు, ఎందుకంటే ఒక కనెక్షన్ ఒక లైన్ మీదే పోతుంది. పదిమంది పది పనులు చేస్తుంటే అప్పుడు 100 ఎంబీపీఎస్ లైన్లు రెండు కలిసి 200 దగ్గరికి వస్తాయి. ఇక రెండోది. అందుకుంటుంది, కానీ ముందు లైన్ పోయిందని ఫైర్‌వాల్‌కు తెలియాలి. తంటా అంతా అక్కడే.

మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్. ముప్ఫై సిస్టమ్‌లు, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ సర్వర్ ఇక్కడే, రాజమండ్రి బ్రాంచి వీపీఎన్ (నెట్ మీదుగా వేసుకున్న భద్రమైన సొంత దారి) మీద ఇందులోకే వస్తుంది. నాలుగేళ్ల కింద పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఉన్న బాక్సు పెట్టి, రెండు లైన్లనూ రెండు వాన్ పోర్టులకు (బయటి నెట్ వచ్చే పోర్టులు) ఇచ్చి, గేట్‌వే గ్రూపులో, అంటే బయటికి పోయే దారుల జాబితాలో, ఒకటి టయర్ 1 (ముందు వాడేది), ఇంకోటి టయర్ 2 (అది పోతే వాడేది) అని పెట్టాను. కేబుల్ పీకి చూశాను, మారింది. మా సార్‌తో శభాష్ అనిపించుకున్నాను కూడా.

ఆ తర్వాతి నెల 20న, సరిగ్గా జీఎస్టీఆర్-3బి (నెలవారీ జీఎస్టీ రిటర్న్) వేసే రోజు, నెట్ ఆగిపోయింది. ఫైర్‌వాల్ తెరిచి చూస్తే రెండు గేట్‌వేలూ పచ్చగా ఆన్‌లైన్ అని ఉన్నాయి. రెండో లైన్ ఖాళీగా కూర్చుంది, దాన్ని వాడుకునేవాడు లేడు. అకౌంట్స్ అమ్మాయి నా వెనకే నిలబడి "అన్నా, ఇంకెంతసేపు" అంటోంది. అరగంట కొట్టుకున్నాక గాని వెలగలేదు. లైన్ బతికుందో లేదో తెలుసుకోవడానికి ఫైర్‌వాల్ పింగ్ చేస్తున్నది, అంటే ఉన్నావా అని పలకరిస్తున్నది, దానికి రెండడుగుల దూరంలో ఉన్న కంపెనీ మోడెమ్‌ను. ఎవరిని పలకరించాలో చెప్పే మానిటర్ ఐపీ మనం ఇవ్వకపోతే అది గేట్‌వే అడ్రస్‌నే, మా దగ్గరైతే మోడెమ్‌నే, పట్టుకుంటుంది. ఫైబర్ తెగింది రోడ్డు మీద. మోడెమ్ మాత్రం బతికే ఉంది, అడిగినప్పుడల్లా పలుకుతోంది. టెస్ట్ అని నేను పీకింది మోడెమ్‌కూ ఫైర్‌వాల్‌కూ మధ్య కేబుల్ కాబట్టి ఈ లోపం అప్పుడు బయటపడలేదు.

కాబట్టి మానిటర్ ఐపీ బయటి అడ్రస్ పెట్టండి, ఒక లైన్‌కు 8.8.8.8, ఇంకో లైన్‌కు 1.1.1.1 లాగా. రెండింటికీ ఒకటే ఇవ్వొద్దు, ఎందుకంటే ఏ లైన్‌కు ఇచ్చిన అడ్రస్‌కు ఆ లైన్ మీదుగానే ఫైర్‌వాల్ రూట్ (దారి) వేసేస్తుంది. అదే అడ్రస్‌ను డీఎన్‌ఎస్‌గానూ (సైట్ పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్) వాడుతుంటే, లైన్ చచ్చినా డీఎన్‌ఎస్ ప్రశ్నలు అటే పోతూ ఉండొచ్చు. ఒక కంపెనీ ఇచ్చే డీఎన్‌ఎస్ రెండో కంపెనీ లైన్ మీద నుంచి అడిగితే చాలాసార్లు పలకదు, అది కూడా మనసులో పెట్టుకోండి. టెస్ట్ చేసేటప్పుడు మోడెమ్ వెనక పచ్చ మూతి ఉన్న ఫైబర్ కనెక్టర్ తీయండి. ఎల్‌ఓఎస్ (సిగ్నల్ పోయింది) అని ఎర్రలైటు వెలగాలి. అప్పుడు మారితేనే మారినట్టు. కనెక్టర్ కొస వేలితో ముట్టుకోవద్దు, దాంట్లోకి తొంగిచూడొద్దు.

ఇంకో సంగతి, రెండు మోడెమ్‌లూ 192.168.1.1తోనే వస్తే ఫైర్‌వాల్‌కు రెండు వాన్‌లూ ఒకే వీధిలో ఉన్నట్టు కనిపించి తికమక పడుతుంది. ఒకదాన్ని 192.168.2.1కి మార్చండి. వీలైతే బ్రిడ్జ్ మోడ్ (మోడెమ్ మధ్యలో కలగజేసుకోకుండా లైన్‌ను నేరుగా ఫైర్‌వాల్‌కు ఇచ్చేయడం) చేయించుకుని, కంపెనీ లైన్‌లోకి లాగినయ్యే పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఫైర్‌వాల్‌లోనే పెట్టుకోవడం మేలు. అప్పుడు ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492 ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతాయి.

లోడ్ బ్యాలెన్సింగ్, అంటే రెండు లైన్లకూ ఒకేసారి పని పంచడం, ఆ మోజు నాకూ ఉండేది. రెండు లైన్లూ టయర్ 1లో పెట్టిన వారంలోనే బ్యాంకు సైట్ మాటిమాటికీ లాగవుట్ చేసేయడం మొదలైంది. ఒక పేజీ ఒక ఐపీ నుంచి, తర్వాతి పేజీ ఇంకో ఐపీ నుంచి వస్తే వాళ్లకు అనుమానమే మరి. ఒక సిస్టమ్‌ను ఒకే లైన్‌కు అంటిపెట్టి ఉంచే స్టిక్కీ కనెక్షన్స్ ఆన్ చేస్తే కొంత తగ్గింది. చివరికి బ్యాలెన్సింగ్ తీసేసి, అకౌంట్స్ సిస్టమ్‌లు, ట్యాలీ, వీపీఎన్ మంచి లైన్ మీద, సీసీ కెమెరాలు, గెస్ట్ వైఫై రెండో లైన్ మీద పెట్టాను. ఏది పోయినా అన్నీ మిగిలినదాని మీదికి వస్తాయి. మీకూ ఇదే చెబుతాను.

నేను ముందే చూసుకోవాల్సినవి రెండున్నాయి, ఈ రెండూ సెట్టింగ్స్‌లో దొరకవు. కరెంటు పోతే ఫైర్‌వాల్ యూపీఎస్ మీద నడుస్తోంది, మోడెమ్‌లు మాత్రం గోడ సాకెట్‌కు ఉన్నాయి. వాటినీ యూపీఎస్ మీదికి మార్చడం పది నిమిషాల పని. రెండోది వీధిలోది. మురుగు కాల్వ తవ్వే మిషన్ ఒకసారి రెండు లైన్లనూ ఒకే దెబ్బకు తెంపేసింది. వెళ్లి చూస్తే రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే స్తంభానికి, ఒకే తీగతో కట్టేసి ఉన్నాయి. రెండు బిల్లులు కడుతున్నాం, ఉన్నది ఒక్క దారే! ఇప్పుడు మూడో పోర్టుకు సిమ్ వేసే 5జీ రౌటర్ పెట్టాం, టయర్ 3లో. అది కెమెరాలకు చాలదు గానీ సరుకు పంపడానికి కావాల్సిన ఈ-వే బిల్లు తీయడానికి చాలు.

బయటి నుంచి మీ ఆఫీసులోకి వీపీఎన్ వచ్చేదుంటే, రెండో లైన్ వాన్ అడ్రస్ ఒకసారి చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే సీజీనాట్ (కంపెనీ ఒకే బయటి ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నట్టు. అప్పుడు ఆ లైన్ మీద లోపలికి ఎవరూ రాలేరు, స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని అడ్రస్) డబ్బు కట్టి తీసుకోవాల్సిందే. మేం రెండు లైన్లకూ తీసుకున్నాం. మీ లైన్లు ఎలా వస్తున్నాయో, ఫైర్‌వాల్ ఏ మోడలో చెప్తే మానిటర్ సెట్టింగ్ ఎక్కడుంటుందో చూసి చెబుతాను.