పుస్తకం కోసం డిపాజిట్ కదపాలా?

ప్రశ్న: నేను నర్సుగా పనిచేసి 60వ ఏట రిటైరయ్యాను. రెండేళ్ల తర్వాత, ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకునేవారికి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు 67. ఈ రెండో వృత్తి మొదలైన తీరు గురించి దాదాపు 50,000 మాటల్లో పుస్తకం రాశాను. ఒక ప్రచురణ సంస్థ 1,000 కాపీలు వేసి, ప్రచారంతో సహా అన్నీ చూసుకుంటానంటోంది. వాళ్లడిగిన మొత్తం మా ఇంటి పది నెలల ఖర్చుకు సమానం. ఆరు నెలల్లో తిరిగొస్తుందంటున్నారు. డిపాజిట్ రద్దు చేసుకోవాలా, దాని మీద అప్పు తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దండి. పుస్తకం మాత్రం వేయండి. ఇలాంటి అనుభవం కాగితం మీదికి రావడమే అరుదు, మీరు రాసి పూర్తి చేశారు కూడా. ఇక తేల్చాల్సింది ఎంత ఖర్చుతో వేయాలి, ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్నదే.

రిటైర్మెంట్ నిధి నుంచి ఏటా 4 శాతం వాడుకుంటూ బతికే లెక్కలో, పది నెలల ఖర్చు ఒకేసారి తీసేస్తే ఇకపై ఏటా సుమారు 12 రోజుల ఇంటి ఖర్చుకు సరిపడే రాబడి తగ్గిపోతుంది. డిపాజిట్ మీద అప్పుకు వడ్డీ మామూలుగా డిపాజిట్ వడ్డీ కంటే ఎక్కువే. పుస్తకాలు కదిలినా కదలకపోయినా అది కట్టాల్సిందే.

ఇప్పుడు అమ్మకాల లెక్క చూద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలు. వీటి స్థానంలో మీ కొటేషన్ అంకెలు పెట్టుకోండి. పుస్తకం వెల 100. ఎడిటింగ్, పేజీల కూర్పు, అట్ట డిజైన్ కలిపి 15,000. ఇది ఎన్ని కాపీలు వేసినా మారని ఖర్చు. 1,000 కాపీలు ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లు చేసి ఎక్కువ కాపీలు వేసే పద్ధతిలో) వేస్తే ఒక్కోదానికి 30, అంటే 30,000. మొత్తం పెట్టుబడి 45,000. షాపులు, పంపిణీదారులు కలిసి వెలలో సగం దాకా తీసుకుంటారు. అలా అమ్మితే మీకు కాపీకి 50 వస్తుంది; 900 కాపీలు పోతేగానీ పెట్టుబడి రాదు. మీరే నేరుగా అమ్మి, ప్యాకింగ్‌కూ పోస్టుకూ 10 పోయినా 90 మిగులుతుంది; అప్పుడు 500 చాలు. అయితే పేరు తెలియని రచయిత ఆత్మకథకు 500 మంది సొంత కొనుగోలుదారులు దొరకడం చాలా కష్టం.

అదే డిజిటల్ ప్రింటింగ్‌లో 200 కాపీలే వేయండి. కాపీకి 45 పడుతుంది, ఎక్కువే. కానీ మొత్తం ఖర్చు 24,000 దగ్గర ఆగుతుంది. 200 కాపీలూ నేరుగా అమ్మితే 18,000 వస్తుంది. ఇంకా 6,000 నష్టమే. ఈ సంగతి ముందే తెలిసి దిగాలి. రెండోసారి మరో 200 వేసేనాటికి ఆ 15,000 ఖర్చు మళ్లీ ఉండదు కాబట్టి 9,000 మిగిలి, మొత్తం మీద 3,000 లాభంలో పడతారు. ఒకవేళ 120 కాపీల దగ్గరే అమ్మకం ఆగిపోతే? 200 వేసినవారి నష్టం 13,200. 1,000 వేసినవారి నష్టం 34,200, పైగా 880 పుస్తకాలు ఇంట్లో చెదపట్టకుండా చూసుకోవాలి.

అందుకే మొదటి ముద్రణ 200 దాటనివ్వకండి. డబ్బు మీ శిక్షణ ఆదాయం నుంచే రానివ్వండి. నెలనెలా అందులో 20 శాతం వేరే ఖాతాలో వేస్తూ పోండి. ఎడిటింగ్, ప్రూఫులు సక్రమంగా జరగాలంటే ఎలాగూ ఎనిమిది పది నెలలు పడుతుంది. మీ సొమ్ము కూడే వేగం, పని సాగే వేగం దాదాపు ఒకటే.

అచ్చు ఖర్చు పేజీల్లో దాగి ఉంటుంది. డెమీ సైజులో (మామూలు పుస్తకాల కొలతల్లో ఒకటి) పేజీకి సుమారు 220 మాటల చొప్పున 50,000 మాటలకు 227 పేజీలు, ముందు పేజీలూ ఫొటోలూ కలిపి 240 అనుకుందాం. ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచే పేజీల కట్టను ఫారం అంటారు. ఫారానికి 16 పేజీల లెక్కన సరిగ్గా 15 ఫారాలు. మూడు పేజీలు పెరిగి 243 అయితే 16వ ఫారం ఎక్కుతుంది, 13 ఖాళీ పేజీలకు మీరే డబ్బు కడతారు. ఆఫ్‌సెట్‌లో ఇది మరీ పట్టి చూడాలి. పేజీలు ఖరారయ్యాకే అట్ట చేయించండి, లేకపోతే వెన్ను మందం మారి అట్ట మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఎడిటింగ్‌లో మాత్రం పొదుపు చేయకండి. ఇంకోటి: కూర్పు పాత డీటీపీ ఫాంట్లలో కాకుండా యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగు సరిగా కనిపించే అక్షరాల పద్ధతిలో) చేయమని ముందే చెప్పండి. తర్వాత ఈ-బుక్ కోసం మార్పించుకుంటే ఒత్తులు, గుణింతాలు చెదిరి, మొత్తం మళ్లీ ప్రూఫు చూడాలి. ఆ ఖర్చు రెండోసారి మీదే.

సంస్థతో ఒప్పందం చేసుకుంటే కాపీరైట్ మీ పేరునే ఉండాలి. అచ్చుకు సిద్ధమైన పీడీఎఫ్, మార్పులు చేసుకోగల అసలు ఫైలు రెండూ మీ చేతికివ్వాలి. రాయల్టీ (అమ్మిన కాపీకి రచయితకిచ్చే వాటా) ‘వెల మీద’ ఇస్తారా, ‘వచ్చిన నికర సొమ్ము మీద’నా? వెల 100 ఉన్నప్పుడు పది శాతమంటే మొదటి లెక్కలో 10, రెండోదాంట్లో సగం వాళ్ల ఖర్చులకు పోతే 5. ప్రచారం అంటే ఏం చేస్తారో వస్తువారీగా రాయించండి. ఫేస్‌బుక్‌లో రెండు పోస్టులు పెట్టి ప్రచారం అనేవాళ్లూ ఉన్నారు. డబ్బు విడతలుగా ఇవ్వండి: ఎడిటింగ్ మొదలవగానే 30 శాతం, పేజీలు మీరు ఒప్పుకున్నాక 30, నమూనా ప్రతి చేతిలో పట్టుకుని చూశాక 30, కాపీలు లెక్కపెట్టుకున్నాక 10. ‘పెట్టుబడి తిరిగొస్తుంది’ అన్న మాట ఒప్పందంలో రాయమనండి. రాయరు. అదే మీకు జవాబు.

మీ విషయంలో అన్నిటికంటే పెద్ద ఆర్థిక ప్రమాదం అచ్చు ఖర్చు కాదు, రోగుల వివరాలు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. జబ్బు, ఊరు, వయసు కలిపితే ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు. వాటిలో రెండైనా మార్చండి, లేదా రాతపూర్వక అనుమతి తీసుకోండి. పాత ఆసుపత్రితో గోప్యత ఒప్పందం ఉంటే తిరగేయండి. అనుమానమున్న అధ్యాయాలు లాయరుకు చూపించే ఖర్చు బడ్జెట్‌లో చేర్చుకోండి. ఒక్క దావా మొత్తం డిపాజిట్‌ను తినేయగలదు.

అమ్మకానికి మీ దగ్గరున్న దారి శిక్షణ తరగతులే. ఫీజులోనే పుస్తకం వెల కలిపి బ్యాచ్‌కు 15 కాపీలు ఇచ్చినా, పోస్టు ఖర్చు లేకుండా ఏడాదికి ఆరు బ్యాచ్‌లకు 90 కాపీలు పోతాయి. పుస్తకం చదివి కొత్తగా తరగతికి వచ్చేవారిని వేరే పట్టీలో రాసుకోండి. పుస్తకం నిజంగా సంపాదిస్తే అక్కడే సంపాదిస్తుంది. బిల్లులన్నీ విడిగా దాచి, శిక్షణ వ్యాపార ఖర్చుగా చూపించవచ్చో లేదో ఆడిటర్‌ను అడగండి. పుస్తకం మీద వచ్చేదీ ఆదాయమే, లెక్కలో చూపాలి.

కాపీరైట్ రచయిత తదనంతరం కూడా కనీసం 50 ఏళ్లు ఉంటుంది. ఈ పుస్తకం హక్కులు, ఫైళ్లు ఎవరికి చెందాలో వీలునామాలో ఒక వాక్యం రాయించి, ఫైళ్లున్న పెన్‌డ్రైవ్ ఎక్కడుందో వారికి ఇప్పుడే చెప్పండి.