బీకాం అమ్మాయి, ఫ్రెంచ్ నోటుబుక్కు: ఉద్యోగం దాకా వెళ్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. ఏడాదిగా ఫ్రెంచ్ పట్టుకుంది. ఒక లావుపాటి నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు దానికి ఫ్రెంచ్ మాట రాసుకుని రోజూ బట్టీ పడుతోంది. ట్రాన్స్‌లేటర్ అవుతానంటోంది. వాళ్ళ నాన్నగారు మాత్రం ఇదంతా టైమ్ వేస్ట్, సీఏకి కట్టమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఈ పద్ధతిలో నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయిని మెచ్చుకోండి. ఎవరూ వెంటపడకుండా ఏడాది పాటు ఒక పని పట్టుదలగా చేసే పిల్లలు తక్కువ. ఆ నోటుబుక్కు వృథా కాదు. కానీ ఆ ఒక్కదాంతో ఉద్యోగం రాదు.

జాబితా పద్ధతి ఫ్రెంచ్‌లో బాగా నడిచినట్టు కనిపించడానికి కారణం ఉంది. 1066లో నార్మండీ డ్యూక్ విలియం ఇంగ్లండును గెలిచాక అక్కడి రాజసభలోనూ కోర్టుల్లోనూ సుమారు మూడు వందల ఏళ్ళు ఫ్రెంచ్ చెలామణీ అయింది. జస్టిస్, గవర్నమెంట్, టేబుల్ లాంటి వేల మాటలు ఇంగ్లిష్‌లోకి అలా వచ్చినవే. అందుకే ఇంగ్లిష్ వచ్చినవాళ్ళు ఫ్రెంచ్ పేజీ చూస్తే సగం తెలిసినట్టే ఉంటుంది. చదవడం వరకు ఇది మన పిల్లలకు పెద్ద లాభం. వినేటప్పుడు ఆ లాభం చాలావరకు పోతుంది. టేబుల్ అక్కడ తాబ్ల్, నేషన్ అక్కడ నాస్యోఁ. (అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి.) ఫ్రెంచ్‌కు చాలాచోట్ల గుర్తింపు ఉన్న డెల్ఫ్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 50 వస్తే పాస్, కానీ ఏ ఒక్కదాంట్లోనూ 5కి తగ్గకూడదు. బట్టీ పట్టిన జాబితా అందులో చదివే భాగానికే బాగా ఉపయోగపడుతుంది.

అసలు చిక్కు ఆఫీసులో వస్తుంది. మీ అమ్మాయి కామర్స్ విద్యార్థి కాబట్టి ఆ లెక్కనే చెబుతాను. ఫ్రాన్స్‌లోని కస్టమర్ల బిల్లులు చూసే టీమ్‌లో చేరిందనుకోండి. డబ్బు ఎప్పుడు వస్తుందని అడిగితే అవతలివాళ్ళ జవాబులో ‘ఎవాఁత్యుయెల్‌మాఁ’ అని ఉంది. నోటుబుక్కులో దాని పక్కన ఇంగ్లిష్ ‘ఎవెంచువల్లీ’ అని ఉంటే, ఆలస్యమైనా చివరికి కడతారని రికార్డులో రాసేస్తుంది. ఫ్రెంచ్‌లో ఆ మాటకు అర్థం ‘బహుశా, అవసరమైతే’ అని. వాళ్ళు కడతామని మాట ఇవ్వనే లేదు. ఇంకో మెయిల్‌లో బిల్లు కాపీ కోసం ‘దమాఁదే’ అనే క్రియ వాడారు. ఇంగ్లిష్ ‘డిమాండ్’ అనుకుంటే కస్టమర్ కోపంగా ఉన్నాడనిపిస్తుంది. అతను మామూలుగా అడిగాడంతే.

అంకెల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఇప్పటి ఇంగ్లిష్‌లో బిలియన్ అంటే వంద కోట్లు. ఫ్రెంచ్‌లో వంద కోట్లకు ‘మిల్యార్’ అంటారు. వాళ్ళ ‘బిల్యోఁ’ మన లెక్కలో లక్ష కోట్లు. మనం వెయ్యి దగ్గర పెట్టే కామాను వాళ్ళు దశాంశానికి పెడతారు. 1,250 అని ఉంటే మనకది పన్నెండు వందల యాభై, వాళ్ళకు ఒకటింపావు.

బయోడేటాలోనూ ఇదే సంగతి. డిగ్రీ ‘కొలేజ్’లో చదివానని రాస్తే ఫ్రాన్స్‌లో 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలు వెళ్ళే బడి అనుకుంటారు. మూడేళ్ళ డిగ్రీని అక్కడ ‘లిసాఁస్’ అంటారు. ఇంటర్న్‌షిప్ ‘స్తాజ్’, శిక్షణ ‘ఫొర్మాస్యోఁ’.

కాబట్టి నోటుబుక్కు మానేయమని చెప్పను, రాసే తీరు మార్చమనండి. ఒక్కో మాటను ఒక చిన్న వాక్యంలో పెట్టి రాయాలి. పక్కన లింగం రాయాలి, ఎందుకంటే ఫ్రెంచ్‌లో ప్రాణం లేని వస్తువుకు కూడా పుంలింగమో స్త్రీలింగమో ఉంటుంది. ‘నేషన్’, ‘సొల్యూషన్’ లాంటి మాటలు దాదాపు అన్నీ అక్కడ స్త్రీలింగం. ‘మెసేజ్’, ‘గ్యారేజ్’ లాంటివి ఎక్కువగా పుంలింగం, కానీ ‘పేజ్’, ‘ఇమేజ్’ స్త్రీలింగమే. మోసం చేసే మాటలకు వేరే పేజీలు పెట్టుకుని, వాటి అర్థం ఇంగ్లిష్‌లో కాకుండా తెలుగులో రాసుకోమనండి. ‘లిబ్రేరి’ ఎదురుగా ‘పుస్తకాల షాపు’ అని చూస్తే ఇక లైబ్రరీ అని పొరబడదు.

ఇక ఉద్యోగం సంగతి. హైదరాబాద్, బెంగళూరుల్లో విదేశీ కంపెనీల అకౌంట్స్ పని చూసే ఆఫీసుల్లో ఫ్రెంచ్ వచ్చిన కామర్స్ పిల్లలను తీసుకుంటారు. సాధారణంగా బీ2 స్థాయి అడుగుతారు. (భాష ఎంత వచ్చో చెప్పే స్థాయిలు కింది నుంచి పైకి ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2.) సున్నా నుంచి అక్కడికి చేరడానికి 500 గంటలకు పైనే పడుతుంది, అదీ మాట్లాడించే టీచర్ దగ్గర. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో స్థాయిల వారీగా క్లాసులు ఉంటాయి. డెల్ఫ్ సర్టిఫికెట్‌కు గడువు లేదు. ఎవరైనా కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) అని ఆశ పెడితే ఒకటి గుర్తుంచుకోండి, దానికి దరఖాస్తుదారులను పాయింట్లతో ఎంచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో డెల్ఫ్ లెక్కలోకి రాదు. టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ అనే వేరే ఫ్రెంచ్ పరీక్ష రాయాలి, వాటి ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది.

అచ్చంగా ట్రాన్స్‌లేటర్‌గానే బతకాలంటే బీ2 చాలదు. సీ1 కావాలి, పైగా ఒక రంగంలో పట్టు ఉండాలి. ఆ పట్టు మీ అమ్మాయికి అకౌంట్స్‌లో వస్తోంది కదా, అదే ఆమె బలం. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఫ్రెంచ్ చదివే అవకాశాలు కూడా చూడండి.

వాళ్ళ నాన్నగారికి నా మాటగా చెప్పండి. కామర్స్ డిగ్రీలో 55 శాతం మార్కులు వస్తే సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్‌లో చేరవచ్చు. అంటే ఇప్పుడే ఏదో ఒకటి తేల్చేయాల్సిన పని లేదు. డిగ్రీ అయ్యేలోగా అమ్మాయి డెల్ఫ్ ఏ2 రాయాలి, నాలుగు భాగాల్లో మార్కులు ఎలా వచ్చాయో చూసుకోవాలి. వినడంలోనూ మాట్లాడడంలోనూ 15 దాటితే బీ1కి ఫీజు కట్టండి. అక్కడ తడబడితే సీఏ పుస్తకాలు తెచ్చి, ఫ్రెంచ్‌ను వారానికి రెండు క్లాసులకు తగ్గించండి.