ట్యాంకర్ ఎక్కే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఇసుక లారీ వదిలేసి పెట్రోలు ట్యాంకర్ మీద చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ దానికి హెవీ లైసెన్సు ఒక్కటే చాలదురా. మూడు రోజుల శిక్షణ తీసుకుని, ఆ సర్టిఫికెట్ ఆర్టీఓ ఆఫీసులో ఇచ్చి, లైసెన్సు మీద హజార్డస్ ఎండార్స్‌మెంట్, అంటే ప్రమాదకర సరుకు బండి నడపొచ్చనే అనుమతి, వేయించుకోవాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత అది మూడేళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌కి మళ్లీ ఒకరోజు క్లాసు.

క్లాసుకి వెళ్లకుండానే కాగితం ఇప్పిస్తామనే బ్రోకర్లు తగులుతారు, వాళ్ల జోలికి పోకు. రోడ్డు మీద ఏదన్నా అయితే ఫైరింజను వచ్చేదాకా అక్కడుండేది నువ్వూ క్లీనరూ మాత్రమే. అప్పుడేం చెయ్యాలో ఆ మూడు రోజుల్లోనే నేర్చుకోవాలి. మంటలార్పే సిలిండర్ పిన్ను నీ చేత్తో లాగి చూడనిమ్మని మాస్టారిని గట్టిగా అడుగు.

లోడు దేనిదో, దాని ప్రమాదమేంటో సరుకు పంపేవాళ్లే రాసి ఇవ్వాలి. దాన్నే ట్రెమ్ కార్డు అంటారు. అది క్యాబిన్‌లోకి రాందే తాళం తిప్పొద్దు, ఓనరు ఎంత తొందరపెట్టినా సరే. తీసుకుని డాష్‌బోర్డులో పడేయడం కాదు, చదువు. ట్యాంకు మీద రాసే నంబరు కూడా సరిచూసుకో: పెట్రోలుకి 1203, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కి 1830, క్లోరిన్‌కి 1017. ఫైర్ వాళ్లు దూరం నుంచి ఆ నంబరు చూసే నీళ్లు కొట్టాలా, నురుగు కొట్టాలా అని తేల్చుకుంటారు. పాత లోడు బోర్డు అలాగే ఉంటే వాళ్ల ప్రాణాలకే ముప్పు.

లోడింగ్ దగ్గర అన్నిటికంటే ముందు ఎర్తింగ్ క్లిప్పు, అంటే ట్యాంకర్‌ని తీగతో భూమికి కలిపేది. పైపులో పెట్రోలు జోరుగా పారేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. క్లిప్పు రంగు మీద పెడితే పనిచేయదు, మెరిసే ఇనుము మీదే గట్టిగా కరవాలి. పైపు తీశాకే క్లిప్పు తియ్యి. ఫోన్ ఆపెయ్యి, నూలు బట్టలే వేసుకో.

ఖాళీ ట్యాంకరంటే చాలామందికి అలుసు. నిజానికి లోపల మిగిలేది ఆవిరే, అంటుకునేదీ అదే. గ్యాస్ లేదని పరీక్ష చేయించకుండా వెల్డింగ్ షెడ్డులో బండి పెట్టావా, వెల్డరు ప్రాణం తీసినవాడివవుతావు.

ఇక కారడం మొదలైతే: ఇంజను ఆపు, బ్యాటరీ స్విచ్ కట్ చెయ్యి, గాలి ఎటునుంచి వీస్తోందో అటువైపు దూరంగా వెళ్లు, 112కి ఫోన్ చేసి కార్డులో ఉన్నది చదివి చెప్పు. దగ్గరి పోలీస్ స్టేషనుకీ, ఓనరుకీ తెలపడం కూడా నీ బాధ్యతే. జనం కొడతారని పారిపోతే ట్యాంకులో ఏముందో చెప్పేవాడుండడు. బిందెలూ క్యాన్లూ పట్టుకుని పెట్రోలు పట్టుకోవడానికి ఊళ్లోవాళ్లు పరిగెత్తుకొస్తారు. వాళ్లని కాళ్లావేళ్లా పడైనా ఆపు. రెండువైపులా బండ్లు కూడా దూరంగానే ఆపించు. 2024 డిసెంబరు 20 తెల్లవారుజామున జైపూర్ దగ్గర భాంక్రోటాలో యూ టర్న్ తీసుకుంటున్న గ్యాస్ ట్యాంకర్‌ని ట్రక్కు గుద్దింది. కారిన గ్యాస్ రోడ్డంతా పరుచుకుని అంటుకునేసరికి, చుట్టుపక్కల బండ్లతో పాటు నిండా జనమున్న బస్సు కూడా తగలబడింది.

క్లాసు తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. నా పాత నోట్సు మీ అమ్మతో పంపిస్తాను.

మీ పెదనాన్న