బోడెన్‌సే చుట్టూ సైకిల్ మీద బయల్దేరుతున్న మా వంశీకి

వంశీ,

స్నేహితులతో కలిసి బోడెన్‌సే సరస్సు చుట్టూ సైకిల్ మీద తిరగబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా పిల్లాడు ఇంతవాడయ్యాడా అని మురిసిపోయాను, వెంటనే గుండెల్లో రాయి పడింది. సైకిల్ గురించి కాదు నాన్నా, నీళ్ల గురించి.

సైకిల్ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. దారి మొత్తం 260 కిలోమీటర్లు, నాలుగు రోజులు చాలు. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో మొదలుపెట్టి లిండావ్, బ్రెగెంజ్, రోర్షాఖ్, కాన్‌స్టాన్స్ వరసలో వెళ్తే సరస్సు ఎప్పుడూ మీ కుడిపక్కనే ఉంటుంది. కాళ్లు మొరాయిస్తే రోమన్స్‌హోర్న్ నుంచి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కి ఫెర్రీ ఉంది, సైకిల్ కూడా ఎక్కించుకోవచ్చు.

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడూ తగులుతాయి కాబట్టి పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువే దగ్గర పెట్టుకో, జిరాక్సు చెల్లదు. ఫోన్‌లో రోమింగ్ డేటా ఆపెయ్. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, అక్కడి టవర్‌కి విడిగా ఛార్జీ పడొచ్చు. కాన్‌స్టాన్స్‌లో జర్మనీ వైపే కూర్చున్నా ఫోన్ అవతలి టవర్ పట్టుకుంటుంది, బిల్లు వచ్చాక లబోదిబోమనాలి.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వేసవిలో లాంగెన్‌ఆర్గెన్ దగ్గర నిలబడి తెడ్డేసే బోర్డులు అద్దెకు తీసుకుని ఏం చేశారో గుర్తుందా? ఒడ్డున నారింజ రంగు దీపం టపటపా వెలిగి ఆరుతుంటే రోడ్డు పనుల లైటు అనుకున్నామన్నావు. అది తుఫాను దీపంరా! సరస్సును పడమర, నడిమి, తూర్పు అని మూడు భాగాలు చేసి దేనికి దానికి విడిగా వెలిగిస్తారు. నిమిషానికి 40 సార్లు వెలిగితే 25 నుంచి 33 నాట్ల (ఓడలవాళ్ల వేగం లెక్క) గాలి రావచ్చని. 90 సార్లు వెలిగితే 34 నాట్లు, ఆపైన, అంటే గంటకు 60 కిలోమీటర్లు దాటిన గాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టు. పది వస్తే గబగబా ఒడ్డుకి రా. ఇరవై దాటితే అసలు నీళ్ల దగ్గరికే పోవద్దు.

దీపం వెలగగానే గాలి రాదు, వచ్చేలోపు ఒడ్డు చేరాలనే ముందుగా వెలిగిస్తారు. మీరేమో నీళ్లు అద్దంలా ఉన్నాయని ఇంకా లోపలికి పోయారు. వేసవి ఉరుములు పడమర నుంచి నిమిషాల్లో మీద పడతాయి. ఫ్యోన్ (Föhn) అనే వెచ్చని గాలి ఆల్ప్స్ దాటి రైన్ నది లోయలోంచి దూకుతుంది, ఆ రోజున ఆకాశం తేటగా ఉండి కొండలు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి. గాలి నింపిన బోర్డు మీద నిలబడితే నీ ఒళ్లే తెరచాప. బాగా వెడల్పైన చోట సరస్సు 14 కిలోమీటర్లు. కొట్టుకుపోతున్నావనిపిస్తే బోర్డు వదిలి ఈదకు. దాని మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వెయ్. ఒడ్డుకి 300 మీటర్లు దాటితే లైఫ్ జాకెట్ ఉండి తీరాలి. నా మాటగా ఒడ్డు దగ్గర కూడా వేసుకో.

రెండో భయం ఏటి మొగలు. సరస్సులోకి చేరే నీళ్లలో సగానికి పైగా ఆల్ప్స్ నుంచి వచ్చే రైన్ తెచ్చేవే. హార్డ్, ఫుస్సాఖ్ ఊళ్ల మధ్య రైన్ గట్లను సరస్సు లోపలికి చాలా దూరం పొడిగించారు, ఒండ్రు ఒడ్డున మేట వెయ్యకుండా లోతుకి పోవాలని. గట్టు చివర నిలబడి చూడు. బూడిదరంగు నీళ్లు ఒక గీత దాకా వచ్చి మాయమైపోతాయి. చల్లగా, ఒండ్రుతో బరువుగా ఉండి సరస్సు నీళ్ల కిందికి దిగిపోతాయన్నమాట. చూడు, ఫోటో తీసుకో, దిగకు. ఆర్గెన్, షుస్సెన్, బ్రెగెంజర్ ఆఖ్ అనే ఏర్లు కూడా వాన పడ్డాక దుంగలు, మురుగు మోసుకొస్తాయి. గోదారిలో ఎర్రనీళ్లు దిగితే రేవుకి వెళ్లనిచ్చేవారు కాదు మీ తాతయ్య, నువ్వేమో ఆయన భుజం మీంచి దిగనని మారాం చేసేవాడివి. ఆయన మాటే ఇక్కడా.

ఒడ్డున మోకాలి లోతు చాలా దూరం ఉంటుంది, అది చూసి నమ్మకు. ఆ మెట్ట అయిపోగానే నేల జారిపోతుంది, అన్నిటికన్నా లోతైన చోట సరస్సు 251 మీటర్లు. పైన వెచ్చగా ఉన్నా కిందికి పోయేకొద్దీ నీళ్లు జిల్లుమంటాయి, ఊపిరి బిగుసుకుపోతుంది. కాలవలో ఈత నేర్చిన ధైర్యం ఇక్కడ పనికిరాదు. కాపలా ఉండే స్నానాల రేవుల్లోనే దిగండి, ఈత రానివాడు మీలో ఉంటే వాణ్ణి ఒడ్డునే కూర్చోబెట్టండి. ఏ దేశపు ఒడ్డునున్నా 112 అత్యవసర నంబరు పనిచేస్తుంది.

నువ్వు స్టుట్‌గార్ట్‌లో కుళాయి తిప్పితే వచ్చేదీ ఈ సరస్సు నీళ్లేరా, సిప్లింగెన్ దగ్గర 60 మీటర్ల లోతు నుంచి తోడతారు. రోజూ తాగే నీళ్లని ఒకసారి కళ్లారా చూడాలనుకోవడం నాకూ నచ్చింది.

ఎంతమంది వస్తున్నారో ముందే చెప్పు, చివరి రాత్రి మా ఇంట్లోనే భోజనం. గోంగూర దొరకలేదు గానీ ముద్దపప్పు, ఆవకాయ ఉంటాయి.

మీ పెద్దమ్మ