సోల్జర్లు ఇంటికొచ్చిన బొమ్మల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, చదివాను, కాస్త ఆగి మళ్ళీ చదివాను. అమెరికా సివిల్ వార్ రోజుల్లో పత్రికల్లో అచ్చయిన బొమ్మలు, సోల్జర్లు ఇంటికొచ్చి పెళ్ళాం పిల్లల్ని కలుసుకునే బొమ్మలు, వాటి మీద తెలుగులో రాయాలని ఒక కుర్రాడికి అనిపించడమే నాకు చాలా సంతోషంగా ఉంది, అందుకే మొహమాటపడకుండా చెప్తున్నా, తప్పుగా అనుకోకు.

నీ వ్యాసంలో ఎక్కడ చూసినా కన్నీళ్ళే. ఆనందబాష్పాలు, చెమర్చిన కళ్ళు, కౌగిలిలో కరిగిపోయిన ఎడబాటు. ఆ బొమ్మలు నేనూ చూశాను కదా, అందులో ఎవరి కంట్లోనూ నీళ్ళు నాకు కనిపించలేదు, గీతలతో చెక్కిన అంత చిన్న మొహంలో నీళ్ళు చూపించడమే కష్టం, ఆ కన్నీళ్ళన్నీ నువ్వు పోసినవి. పాఠకుడు ఏడవాల్సిన చోట నువ్వే ముందు ఏడ్చేస్తే ఇక వాడికి చెయ్యడానికి పనేం మిగల్లేదు.

ముందు ఆ బొమ్మ ఎలా తయారైందో తెలుసుకుని అప్పుడు రాయి. అప్పటికే కెమెరాలున్నాయి, బ్రేడీ అనే ఫొటోగ్రాఫర్ మనుషులు బండి కట్టుకుని యుద్ధం జరిగిన చోటికి వెళ్ళి తీసిన ఫొటోలు నువ్వు చూసే ఉంటావు. కానీ కెమెరాలో పెట్టిన ప్లేట్ మీద బొమ్మ పడాలంటే మనిషి కొన్ని సెకన్లు బిగుసుకుని కూర్చోవాలి, కదిలితే మసకే. పైగా ఫొటోని అక్షరాలతో పాటు పేజీలో అచ్చు వేసే పద్ధతి, హాఫ్‌టోన్ అంటారు దాన్ని, అప్పటికింకా రాలేదు, పత్రికల్లోకి వచ్చింది 1880ల నుంచి. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి నాన్న కాళ్ళు పట్టేసుకోవడం, భార్య మెడ చుట్టూ చేతులేయడం, ఇవన్నీ కదిలే పనులు, కెమెరాకి చిక్కవు, అంటే నువ్వు చూస్తున్న ప్రతి కౌగిలీ ఎవరో ఒకరు కూర్చుని, ఆలోచించి, చెయ్యి ఎక్కడుండాలి, తల ఎటు వాలాలి అని నిర్ణయించుకుని గీసిన కౌగిలి. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు, ఉంటే నీ ప్రశ్నలే మారిపోయేవి.

ఇంకా ఉంది. హార్పర్స్ వీక్లీ అనే బొమ్మల వారపత్రిక 1857లో మొదలైంది, ఫ్రాంక్ లెస్లీ పత్రిక అంతకు రెండేళ్ళ ముందు, రెండిట్లోనూ బొమ్మలు వుడ్ ఎన్‌గ్రేవింగ్‌లే. బాక్స్‌వుడ్ అని బాగా గట్టి చెక్క, దాన్ని అడ్డంగా కోసి, నున్నగా చేసిన ముఖం మీద బొమ్మని తిరగేసి గీసి, గీత ఉండాల్సిన చోట వదిలేసి మిగతాది ఉలితో తవ్వేస్తారు, మిగిలిన గీతకే సిరా అంటుతుంది. ఆ చెట్టు మాను సన్నం, కాబట్టి పెద్ద బొమ్మ కావాలంటే చిన్న చిన్న దిమ్మలు బోల్టులతో బిగించి దాని మీద బొమ్మ గీసి, మళ్ళీ విడదీసి తలా ఒక ముక్క ఇచ్చేవాళ్ళు, నలుగురైదుగురు రాత్రంతా కూర్చుని చెక్కితే మళ్ళీ బిగించడం. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ స్కాన్లు పెద్ద సైజులో దొరుకుతాయి, జూమ్ చేసి చూడు, కొన్నిట్లో సన్నటి తెల్లగీత నిలువునా పేజీ పొడుగునా పోతుంది, అదే అతుకు. సోల్జర్ భుజం ఒకడు చెక్కి ఉండొచ్చు, ఆ భుజం మీద భార్య చెయ్యి పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు చెక్కి ఉండొచ్చు. అలాంటి అతుకు ఒకటి నీ కంటితో నువ్వు కనిపెట్టి అది ఎక్కడ ఉందో రాయి, "ప్రేమ అనంతం" అని రాసిన మూడు పేరాలు తీసేసినా ఏం పోదు.

ఇప్పుడు నాస్ట్ సంగతి. హార్పర్స్‌కి బొమ్మలు గీసిన థామస్ నాస్ట్ జర్మనీలో పుట్టి చిన్నప్పుడే న్యూయార్క్ వచ్చినవాడు, 1862 క్రిస్మస్ బొమ్మ గీసేటప్పటికి 22 ఏళ్ళు, ఇంచుమించు నీ వయసు. ఆ బొమ్మ అచ్చయింది 1863 జనవరి 3 సంచికలో, రెండు పెద్ద గుండ్రాలు, ఒక దాంట్లో భార్య కిటికీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తోంది, వెనక మంచం మీద పిల్లలు నిద్రపోతున్నారు, ఇంకో దాంట్లో భర్త చలిమంట పక్కన కూర్చుని ఇంటివాళ్ళ ఫొటోలు చూసుకుంటున్నాడు. కింద సమాధులు కూడా గీశాడు, చాలామంది అవి చూడకుండానే పేజీ తిప్పేస్తారు, నువ్వూ వాటి గురించి రాయలేదు. సరిగ్గా ఏడాదికి, 1863 డిసెంబర్ 26 సంచికలో, అదే నాస్ట్ ఆ ఇద్దర్నీ కలిపాడు అనుకోవచ్చు, మధ్యలో యూనిఫాంలో ఉన్న సోల్జర్, అతన్ని వాటేసుకున్న భార్య, చుట్టూ పిల్లలు. నువ్వు ఈ రెండో బొమ్మ గురించి "యుద్ధం ముగించుకుని ఇంటికి చేరాడు" అని రాశావు. లేదు తమ్ముడూ, యుద్ధం ముగిసింది 1865లో. ఆ బొమ్మకి పెట్టిన మాట ఫర్లో, అంటే సెలవు. పండక్కి సెలవు మీద వచ్చాడు, మళ్ళీ పోవాలి, ముందున్నది 1864, వర్జీనియాలో అత్యంత ఘోరంగా మనుషులు చచ్చిన సంవత్సరం. ఆ రోజు పత్రిక విప్పిన వాళ్ళకి 1864 ఎలా ఉండబోతోందో తెలీదు గానీ సెలవు అయిపోతుందని మాత్రం తెలుసు. అది తెలిసి చూస్తే ఆ కౌగిలి స్వాగతమా, సాగనంపడమా అన్నది తేలదు, నువ్వు రాయాల్సింది ఆ తేలకపోవడం గురించి.

హార్పర్స్‌కే గీసిన ఇంకో చిత్రకారుడు విన్స్‌లో హోమర్‌ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు, నాకది బాధేసింది. 1861లో రెండేళ్ళ ఒప్పందం మీద చేరిన న్యూయార్క్ రెజిమెంట్లు 1863 వేసవికి ఇళ్ళకి తిరిగొచ్చాయి, హోమర్ ఆ రాకని గీస్తే జూన్ 13న హార్పర్స్‌లో వచ్చింది. అది సరే, మంచి బొమ్మే. కానీ నువ్వు నిలబడి చూడాల్సింది 1865 ఆగస్టు 26 నాటి బొమ్మ. న్యూపోర్ట్ సముద్రపు ఒడ్డు, డబ్బున్నవాళ్ళు షికారుకి వెళ్ళే చోటు, గుర్రబ్బండిలో ఒక జంట. పగ్గాలు ఆవిడ చేతుల్లో ఉన్నాయి. పక్కన కూర్చున్న ఆయన కోటు చెయ్యి ఖాళీ. కౌగిలి లేదు, ఎవరూ ఎవర్నీ ఎదురెళ్ళి కలుసుకోవట్లేదు, ఊరికే బండి తోలుకుని పోతున్నారు. మామూలుగా మగవాడు తోలాలి, ఆవిడ పక్కన కూర్చోవాలి, ఇక్కడ తిరగబడింది, ఇక మీదట ఆ ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారన్న లెక్కంతా మారిపోయిందని ఆ పగ్గాలే చెప్పేస్తున్నాయి. ఇంటికి రావడం అనేది గుమ్మం దగ్గర అయిపోదు, అక్కడ్నుంచే మొదలవుతుంది, హోమర్ అది పట్టుకున్నాడు. నీ వ్యాసంలో చేతులు ఏం చేస్తున్నాయో ఒక్క చోట కూడా లేదు. ప్రతి బొమ్మకీ ముందు చేతులు చూసి రాసుకో, ఎవరి చెయ్యి ఎక్కడుంది, ఎవరిది ఖాళీగా ఉంది, ఎవరు ఏం పట్టుకున్నారు. మొహాల గురించి తర్వాత చూద్దాం.

ఇక అసలు చెప్పాలనుకున్నది. నువ్వు ఎంచుకున్న బొమ్మలన్నిట్లోనూ తెల్లవాళ్ళే ఉన్నారు. నల్లవాళ్ళు దాదాపు 1,80,000 మంది యూనియన్ సైన్యంలో, అంటే ఉత్తరాది వైపు, పనిచేశారు. వాళ్ళకి జీతం నెలకి 10 డాలర్లు, అందులో బట్టలకని 3 డాలర్లు కోత, తెల్ల సోల్జర్‌కి 13. మాసచూసెట్స్ 54వ రెజిమెంట్ వాళ్ళయితే ఆ తక్కువ జీతం మాకొద్దని అసలు తీసుకోనే లేదు, ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లలు ఇబ్బంది పడుతున్నా తీసుకోలేదు, 1864 జూన్‌లో గానీ కాంగ్రెస్, అంటే అక్కడి చట్టసభ, దిగిరాలేదు. యుద్ధం అయ్యాక 1865 మే 23, 24 తేదీల్లో వాషింగ్టన్‌లో రెండు రోజులు పెద్ద కవాతు జరిగితే అందులో వీళ్ళ రెజిమెంట్ ఒక్కటీ లేదు. ఇదంతా తెలిసి అప్పుడు ఆల్ఫ్రెడ్ వాడ్ అనే చిత్రకారుడి బొమ్మ చూడు. ఆర్కాన్సాలోని లిటిల్ రాక్ ఊళ్ళో నల్ల సోల్జర్లని సైన్యం నుంచి విడుదల చేసిన రోజు, హార్పర్స్‌లో 1866 మే 19న అచ్చయింది. వాడ్ పెన్సిల్‌తో, తెల్లరంగు అద్ది వేసిన అసలు స్కెచ్ కూడా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. యూనిఫాంల్లో మగవాళ్ళు, వాళ్ళని వాటేసుకుంటున్న ఆడవాళ్ళు, మధ్యలో పిల్లలు. నాస్ట్ బొమ్మలాగా ఇంట్లో, గదిలో కాదు, బయట, జనం మధ్యలో. బానిసలుగా ఉన్నన్నాళ్ళూ వాళ్ళ పెళ్ళికి చట్టంలో విలువ లేదు, యజమాని భార్యని ఒక చోటికీ భర్తని ఇంకో చోటికీ అమ్మేసినా అడిగే దిక్కు లేదు. అలాంటి మనుషులు నడివీధిలో, అందరి ముందూ, ఇది నా భార్య, వీళ్ళు నా పిల్లలు అని పట్టుకుని నిలబడటం ఎంత పెద్ద సంగతో ఆలోచించు. దానికి విశేషణాలు అక్కర్లేదు, చట్టం ఏం చెప్పిందో, ఏ తేదీన మారిందో రాస్తే చాలు.

ఇలాంటివాళ్ళు కలుసుకున్నదాంట్లో బొమ్మకి ఎక్కనివీ ఉన్నాయి, అందులో ఒకటి నీకు చెప్పి తీరాలి. కెంటకీలో క్యాంప్ నెల్సన్ అని సైనిక శిబిరం. లింకన్ 1863లో బానిసల్ని విడిపిస్తూ చేసిన ప్రకటన యూనియన్ మీద తిరగబడ్డ రాష్ట్రాలకే, కెంటకీ యూనియన్ వైపే ఉంది కాబట్టి అక్కడ వర్తించదు, మగవాడు సైన్యంలో చేరితే వాడు విడుదల, భార్యాపిల్లలు మాత్రం యజమాని బానిసలే. జోసెఫ్ మిల్లర్ అనే అతను 1864 అక్టోబర్‌లో చేరాడు, నువ్వు చేరితే నీ వాళ్ళకి తిండి పెట్టను అని యజమాని చెప్పడంతో భార్యనీ పిల్లల్నీ వెంట తెచ్చుకున్నాడు, ఉండనిస్తామని అక్కడి ఆఫీసర్ మాటిచ్చాడు. నవంబర్ చివర్లో, గడ్డకట్టే చలిలో, ఆ క్యాంప్‌లో ఉన్న దాదాపు 400 మంది ఆడవాళ్ళనీ పిల్లల్నీ బండ్లెక్కించి బయటికి తోలేశారు. మిల్లర్ కొడుకు ఏడేళ్ళవాడు, జబ్బు నుంచి ఇంకా తేరుకోలేదు, బయటికి పంపితే చచ్చిపోతాడని చెప్పినా కాపలావాడు వినలేదు, ఎక్కకపోతే కాల్చేస్తానన్నాడు. ఆ రాత్రి మిల్లర్ సుమారు ఆరు మైళ్ళు వెతుక్కుంటూ నడిచి నికలస్‌విల్ చేరితే, పాత ప్రార్థన మందిరంలో ఒక్కటే మంట, జనం ఎక్కువై అతని వాళ్ళకి మంట దగ్గరికి వెళ్ళే చోటు కూడా దొరకలేదు, పిల్లాడు అప్పటికే పోయాడు. రాత్రికి రాత్రి క్యాంప్‌కి తిరిగి రావాలి, వచ్చాడు. పొద్దున్నే మళ్ళీ నడిచి వెళ్ళి తన చేతులతో గొయ్యి తవ్వి పిల్లాణ్ణి పూడ్చుకున్నాడు. ఇదంతా అతను ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో ఉంది, ఏ అలంకారమూ లేకుండా, ఒక్కో పని ఒక్కో వాక్యం. కొద్ది వారాల్లోనే భార్య, మిగతా పిల్లలు, ఆఖరికి అతనూ పోయారు. తోలేసిన వాళ్ళలో వందమందికి పైగా చనిపోయారు. దీని మీద పెద్ద గొడవ లేచి, 1865 మార్చి 3న కాంగ్రెస్ చట్టం చేసింది, సోల్జర్ భార్యాపిల్లలు కూడా ఇక బానిసలు కారని.

ఇదీ సోల్జర్ తన కుటుంబాన్ని కలుసుకోవడమే కదా తమ్ముడూ. నాస్ట్ క్రిస్మస్ బొమ్మని తిట్టమని నేననట్లేదు, అది నిజంగా ప్రేమతో గీసిన బొమ్మ, క్యాంపుల్లో ఆ పేజీ చూసుకున్న సోల్జర్లకి అది అబద్ధం కాదు. కానీ ఆ బొమ్మ ఎవరింటిదో, ఎవరి ఇల్లు అందులో లేదో రెండూ తెలిసినవాడు రాస్తే ఒకలా ఉంటుంది, తెలియనివాడు రాస్తే ఒకలా ఉంటుంది, పాఠకుడికి ఇట్టే తెలిసిపోతుంది.

మిల్లర్ సంగతి రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. నీ మాటలు కలపకు. "కన్నతండ్రి గుండె పగిలింది" లాంటివి అస్సలు వద్దు. ఎంత దూరం నడిచాడు, ఎప్పుడు చేరాడు, ఏం చూశాడు, ఏం తవ్వాడు, అంతే.

చివర్లో మన జవాన్లు రైల్వే స్టేషన్‌లో దిగడం గురించి రాసిన పేరా తీసెయ్. మనకి మిలటరీ మాధవరం ఉంది, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు, అక్కడ ఇళ్ళకి తిరిగొచ్చినవాళ్ళ గురించి, రాని వాళ్ళ గురించి రాయాలనుంటే తాడేపల్లిగూడెంలో దిగి ఆ ఊరెళ్ళి, పెద్దవాళ్ళతో కూర్చుని విని, విడిగా రాయి. అమెరికా బొమ్మకి తోకలా తగిలిస్తే రెండిటికీ అన్యాయమే.

వరస కూడా చెప్పేస్తా, నచ్చితే తీసుకో. న్యూపోర్ట్ బండితో మొదలుపెట్టు, ఎందుకంటే నీ పాఠకుడు కౌగిలి కోసం ఎదురుచూస్తాడు, అది వెంటనే ఇవ్వకు. తర్వాత నాస్ట్ రెండు బొమ్మలు, చెక్క దిమ్మల సంగతి అక్కడే కలిపెయ్. క్యాంప్ నెల్సన్‌ని మధ్యలో పెట్టు, చివరికి దాచుకోకు, దాచుకుంటే అది పాఠకుణ్ణి ఏడిపించడానికి వాడుకున్నట్టు అయిపోతుంది, ఆ మనిషికి అది మర్యాద కాదు. లిటిల్ రాక్ ఆఖర్న వస్తుంది. అక్కడ వాడ్ పేరు, ఊరు, తేదీ, చేతులు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి ఆపెయ్యి. కొత్త డ్రాఫ్ట్‌తో పాటు బొమ్మలు కూడా పెద్ద సైజులో పంపు, తేదీలన్నీ సంచిక మీద ఉన్నవాటితో ఒకసారి సరిచూసుకుని మరీ పంపు.